కుక్కని రానిచ్చే కాటేజీ కావాలి, ఇద్దరమే (బరంపురం నుంచి)

గారె_వాళ్ళమ్మ

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం. నేను ఇక్కడే బడిలో పాఠాలు చెప్తాను, మా ఆయనది రాయగడలో ఉద్యోగం, నెలకి రెండు ఆదివారాలు కలిశామంటే గొప్ప. దసరా అయ్యాక పెళ్లయి మూడేళ్లు నిండుతాయి, రెండు రాత్రులు ఎక్కడైనా పల్లెటూళ్లో, కొండ పక్కన, జనం గోల లేని చోట ఉందామని. చిక్కల్లా గారెతోనే. గారె అంటే మా కుక్క. రెండేళ్ల క్రితం వీధిలోంచి వచ్చింది, వచ్చిన రోజే నైవేద్యానికి పెట్టిన పళ్లెంలోంచి గారె ఎత్తుకుపోయింది, అదే పేరైపోయింది. దాన్ని వదిలి వెళ్లడానికి చోటు లేదు. అత్తగారికి కుక్కంటే పడదు, కిందింటి వాళ్లు ఒక పూట చూస్తారేమో గానీ రెండు రాత్రులంటే నాకే మొహమాటం.

ఇప్పటికి ఆరు చోట్లకి ఫోన్ చేశాను. ఇద్దరు నవ్వి పెట్టేశారు. ఒకాయన ఏ జాతి అని అడిగాడు, నాటు కుక్కండీ అన్నాను, "ల్యాబ్రడార్ అయితే చూసేవాళ్లం మేడమ్, దేశీ అంటే మిగతా గెస్టులు ఇబ్బంది పడతారు" అన్నాడు. అంటే కరిస్తే ల్యాబ్ కరవడం మర్యాదా? ఇంకో చోట పేజీలో కుక్క బొమ్మ వేసి మరీ పెట్ ఫ్రెండ్లీ అని రాసుకున్నారు, ఫోన్ చేస్తే జనరేటర్ షెడ్డు పక్కన కట్టేసుకోవచ్చట.

రాత్రికి మూడు వేల దాకా పెట్టగలం. సొంత కారు లేదు. దారింగబాడి, కొరాపుట్, తప్తపాణి, ఎక్కడైనా సరే. తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి_బాబాయ్

తల్లీ, ఏమనుకోకు. నెలకి రెండుసార్లు కలిసే మొగుడూ పెళ్లాలు, ఉన్న రెండు రాత్రులకీ కుక్కని వెంటేసుకుని పోవడమేంటి? ఏ స్నేహితురాలింట్లోనో దింపేసి వెళ్లండి హాయిగా.

గారె_వాళ్ళమ్మ

బాబాయ్ గారూ, నేను ఒక్కదాన్నీ ఉన్నన్నాళ్లూ రాత్రి గుమ్మం దగ్గర పడుకునేది అదే. పండగపూట దాన్ని దింపేసి పోలేను. పైగా మా ఆయన వస్తే నాకంటే ముందు అదే ఎదురెళ్తుంది.

పర్లాకిమిడి_బాబాయ్

సరే, ఒప్పుకున్నా. తీసుకెళ్లు.

కొరాపుట్_చలి

అక్కా, ఫోనులో "కుక్కని రానిస్తారా" అని అడిగితే అందరూ రానిస్తాం అనే అంటారు, ఎందుకంటే గేటు లోపలికి రానివ్వడం కూడా రానివ్వడమే కదా. నేను ఒక్కటే అడుగుతాను, రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది అని. ఈ ప్రశ్న దగ్గరే అసలు రంగు తెలిసిపోతుంది.

పోయిన డిసెంబరులో మేం సెమిలిగుడ దాటాక పొట్టంగి వైపు కాఫీ తోటలో ఒక కాటేజీకి వెళ్లాం, దేవమాలి చూద్దామని. దేవమాలి అంటే 1672 మీటర్లు, ఒడిశా మొత్తంలో అదే ఎత్తైన కొండ, పైన గాలి మనిషినే నెట్టేస్తుంది. కాటేజీ బావుంది, మట్టిగోడ, పెంకులు, ముందు సిల్వర్ ఓక్ చెట్లు. కానీ సాయంత్రం అయ్యేసరికి మేనేజరు కుర్రాడు గోనెసంచి తెచ్చి వరండాలో పరిచాడు, కుక్కకట. ఆ చలిలో. సర్లే రగ్గు కప్పుదాం అనుకుంటుంటే వాచ్‌మన్ తాత నన్ను పక్కకి పిలిచి, బాబూ బయట కట్టొద్దు, మా కుక్కని ఆ మెట్ల మీదనుంచే చిరుత పట్టుకుపోయింది, పొద్దున గొలుసు మాత్రం మిగిలింది అన్నాడు. గొలుసు చూపించాడు కూడా, ఇంకా మేకుకే వేలాడుతోంది. కొండ ప్రాంతంలో చిరుతకి కుక్కంత సులువైన ఆహారం ఇంకోటి లేదు, కట్టేసిన కుక్కయితే మరీను. రాత్రి పదిన్నరకి మేనేజరుతో గొడవపడి లోపల పడుకోబెట్టుకున్నాం. పొద్దున బిల్లులో "రూమ్ క్లీనింగ్" అని ఎనిమిది వందలు.

గారె_వాళ్ళమ్మ

గొలుసు సంగతి చదివాక నాకు ఒళ్లు జలదరించింది. రైల్లో తీసుకెళ్లొచ్చా? ఇక్కడ రాత్రి హీరాఖండ్ ఎక్కితే తెల్లారేసరికి రాయగడ, అక్కడ ఆయన కలుస్తారు, అట్నుంచి కొరాపుట్ వైపు పోదామని ఒక ఆలోచన.

గార్డు_బోగీ

రైల్వేలో చేసి రిటైరయ్యాను, చెప్తాను వినమ్మా. ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మీరే తీసుకుంటే కుక్కని మీతో ఉంచుకోవచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వీటిలో కుదరదు. చార్జీ కట్టకుండా ఎక్కిస్తే లగేజీ రేటుకి ఆరు రెట్లు వసూలు చేస్తారు. అసలు చిక్కేంటంటే కూపే మీకే వస్తుందో లేదో చార్టు పడేదాకా తెలియదు, ముందుగా అర్జీ పెట్టుకోవాలి, పెట్టినా వస్తుందని నమ్మకం లేదు. టీకా కార్డు తీసుకుని పార్సిల్ ఆఫీసుకి బాగా ముందే వెళ్లాలి.

రెండో దారి బ్రేక్ వ్యానులో, అంటే గార్డు ఉండే బోగీలో, కుక్కపెట్టె. రూల్లో ఉంది కానీ నేను సర్వీసులో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇంట్లో మనిషిలా పెరిగిన కుక్కని అందులో వేయొద్దు. ఇనప పెట్టె, చీకటి, చప్పుడు. ఒకసారి ఒక కుక్క పలాస నుంచి విజయనగరం దాకా ఏడ్చింది, నేను బిస్కట్లు వేశాను, ముట్టలేదు. కారు మాట్లాడుకోండి.

గంజాం_తీరం

కొండలే ఎందుకు, గోపాలపురం ఉంది కదా, బరంపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. అక్టోబరులో సముద్రం ఒడ్డున పొద్దున్నే కుక్కతో నడుస్తుంటే ఆ సుఖమే వేరు. అయితే రుషికుల్యా ముఖద్వారం వైపు మాత్రం కుక్కని వదలొద్దు, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడ గుంపులుగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, నెలన్నర తర్వాత పిల్లలు బయటికొస్తాయి, ఇసక తవ్వి గుడ్లు తినేది ఎక్కువగా కుక్కలే. ఊరి కుర్రాళ్లు రాత్రంతా కర్రలు పట్టుకుని కుక్కల్ని తోలుతుంటారు, మనం కారేసుకెళ్లి అక్కడే మన కుక్కని "కాసేపు ఫ్రీగా తిరగనిద్దాం" అంటే వాళ్లకి ఒళ్లు మండదా.

భేట్నొయి వైపు కూడా అంతే. కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి, పంట తిన్నా ఊరివాళ్లు వాటిని ఒక్క దెబ్బ వేయరు. అక్కడ కుక్క గొలుసు విప్పామంటే మన పని అయిపోయినట్టే.

గారె_వాళ్ళమ్మ

గోపాలపురం మాకు పెరటి చెట్టండీ. పైగా స్టాఫ్ రూములో సగం మంది ఆదివారం అక్కడే కనిపిస్తారు.

కొత్త_జంట

మధ్యలో దూరుతున్నందుకు సారీ. పెళ్లి కాని వాళ్లకి ఇలాంటి కాటేజీలు ఇస్తారా? పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారా?

కొరాపుట్_చలి

ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు. పెద్దవాళ్లయిన ఇద్దరికి గది ఇవ్వకూడదని చట్టం ఎక్కడా లేదు, కానీ పల్లెల్లో యజమాని ఇష్టం, ముందే ఫోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి, అక్కడికెళ్లి రాత్రిపూట వాదించుకోవడం కంటే అదే నయం. కుక్క విషయంలో కూడా నా సలహా ఇదే.

తోట_కాపు

ఇక్కడ అందరూ కాటేజీ వాళ్లనే తిడుతున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. మాది దారింగబాడి వైపు, మిరియాలు, కాఫీ, దాంతోపాటు రెండు గదులు అద్దెకిస్తాం. నాకు కుక్కలంటే ప్రాణం, ఇంట్లో మూడున్నాయి. అందుకే మొదట్లో ఎవరొచ్చినా రండి రండి అనేవాణ్ణి. పోయిన చలికాలం ఒక జంట హస్కీ కుక్కని తెచ్చారు. తెల్లవారుజామున తలుపు తీసి వదిలేసి వాళ్లు మళ్లీ పడుకున్నారు. నేను లేచేసరికి నాలుగు పెట్టలు చచ్చి పడున్నాయి, అందులో ఒకటి గుడ్లు పొదుగుతున్నది. ఇదేంటండీ అంటే ఆవిడ "అది దాని నేచర్ అండీ" అంది. కోడి నేచరు గుడ్డు పెట్టడం, మరి దాని సంగతి? స్నానానికి ఇచ్చిన తువ్వాలుతోనే కుక్కని తుడుస్తారు, వెళ్లాక పరుపు తిరగేస్తే అటువైపు తడి. ఇవన్నీ ఎవరూ రివ్యూలో రాయరు.

అందుకని ఇప్పుడు కుక్కకి రాత్రికి ఐదు వందలు, రెండు వేలు డిపాజిట్, వెళ్లేటప్పుడు చూసి తిరిగిస్తాను. కుక్క గదిలోనే పడుకోవచ్చు. దేశీ కుక్కలే నాకు ఇష్టం, చెప్పాలంటే అవే బుద్ధిగా ఉంటాయి. కానీ ఫోనులో నేను కుక్క గురించి అడగను, మనిషి ఎలా మాట్లాడుతున్నాడో వింటాను.

అమ్మా గారె వాళ్ళమ్మగారూ, మీరు వస్తే డిపాజిట్ వద్దు. కాకపోతే దసరా సెలవులకి రెండు గదులూ నిండిపోయాయి. ఆ వారమంతా ఇటు రావద్దనే చెప్తాను, దారి పొడవునా పిక్నిక్ బస్సులు, సౌండు బాక్సులు, డీజే. మీ కుక్క మంచం కింద దూరి మళ్లీ బయటికి రాదు.

సగం_ఒడియా

గజపతి జిల్లా చంద్రగిరి వైపు ఎవరూ చెప్పలేదేంటి? మోహన ఊరి దగ్గర, కొంచెం లోపలికి. మీకిద్దరికీ మధ్యలోనే, మీరు బరంపురం నుంచి దిగపహండి మీదుగా వస్తారు, ఆయన రాయగడ నుంచి మోహనకి బస్సులో వస్తారు. 1963లో టిబెట్ నుంచి వచ్చినవాళ్లకి అక్కడ భూములిచ్చారు, అప్పట్నుంచీ క్యాంపులు కట్టుకుని మొక్కజొన్న వేసుకుంటున్నారు. జిరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అక్టోబరుకి కంకులు విరిచి ఇళ్ల ముందు గుత్తులు గుత్తులుగా వేలాడదీస్తారు, ఊరంతా పసుపు రాసినట్టుంటుంది. దారిలోనే తప్తపాణి, గంధకం వేడినీళ్ల ఊట, కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు, గారెకి మాత్రం ఆ వాసన పడకపోవచ్చు.

ఒక రిటైర్డు ఒడియా మాస్టారు పొలంలో రెండు గదుల ఇల్లు కట్టి ఇస్తున్నాడు. పేజీలూ బొమ్మలూ ఏం లేవు, ఫోను ఒక్కటే. తెలుగు రాదు. క్యాంపు దగ్గర ఊరకుక్కలు బాగా ఉంటాయి, అవి గుంపుగా వస్తాయి కాబట్టి నడకకి వెళ్తే పొట్టి పట్టీతో తీసుకెళ్లండి, పొడుగు తాడు వద్దు. అన్నట్టు అదే జిల్లాలో లఖారి లోయ సాంక్చువరీ ఉంది, ఏనుగులున్న అడవి. కుక్కతో అటువైపు వద్దే వద్దు. కుక్క ఏనుగుని చూసి మొరుగుతుంది, అది తరిమితే నేరుగా మన కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. నంబరు ఇన్‌బాక్సులో పెట్టాను.

పశువుల_డాక్టర్

రోజూ చూసే కేసు గనక రెండు మాటలు. మీరు చిరుతలకి భయపడుతున్నారు గానీ వానాకాలం వెళ్లాక గడ్డిలో ఉండే పిడుదులకి భయపడండి. పిడుదు జ్వరం కుక్కల్ని చాలా చంపుతుంది. ఊరి నుంచి వచ్చిన వారం పది రోజుల తర్వాత కుక్క అన్నం మానేసి మూల కూర్చుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి, కొన్నిటికి ముక్కులోంచి రక్తం వస్తుంది, అప్పటికి ఊరెళ్లిన సంగతే మర్చిపోయి ఎండదెబ్బ అనుకుంటారు. బయల్దేరే ముందే పిడుదుల మందు మాత్ర గానీ మెడ వెనక వేసే చుక్కలు గానీ డాక్టరుతో చెప్పించి వేయండి. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద వేలితో తడిమి చూడండి. దొరికితే చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి, అగ్గిపుల్లతో కాల్చడం, కిరసనాయిలు పోయడం వద్దు.

ర్యాబిస్ టీకా ఏడాది దాటిందేమో కార్డు చూసుకోండి. జ్వరమొచ్చిందని మనుషుల పారాసిటమాల్, బ్రూఫెన్ వేయకండి. వండిన కోడి ఎముకలు పెట్టకండి, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లి వెల్లుల్లి వేసిన పులుసన్నం కూడా వద్దు. మీకు కూడా ఒక మాట, అది మలేరియా ప్రాంతం, దోమతెర ఉందా అని అడగండి.

గారె_వాళ్ళమ్మ

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు ఇంటికే ఖాయం చేశాం. నాకు క్లాసుండి మా ఆయనే ఫోన్ చేశారు, రాత్రి కుక్క లోపలే పడుకోవచ్చా అని కూడా అడిగారట, మాస్టారు ఏమీ అభ్యంతరం చెప్పలేదు, పైగా చాలా సంతోషించాడట. వెళ్లొచ్చి చెప్తాను.

గారె_వాళ్ళమ్మ (మూడు వారాల తర్వాత)

వెళ్లొచ్చాం. ఆలస్యమైంది, పరీక్ష పేపర్లు.

మొదట ఒక సంగతి చెప్పాలి. మా ఆయనది పార్వతీపురం. రాయగడలో రెండేళ్ల నుంచి ఉన్నా ఒడియా అంతంత మాత్రం. ఒడియాలో కుక్కని కుకుర అంటారు, కోడిని కుకుడా అంటారు. ఈయన ఫోనులో ఏమన్నారో మీకిప్పటికే అర్థమై ఉంటుంది. "మాతో ఒక కుకుడా వస్తుంది, మా ఇంట్లో పెరిగింది, పరవాలేదా" అన్నారట. ముసలాయన ఎందుకు పరవాలేదు, తప్పకుండా తీసుకురండి అన్నాడు. రాత్రి లోపలే ఉండాలి అంటే, అవును లోపలే పెట్టాలి, లేకపోతే నక్క పట్టుకుపోతుంది అన్నాడట. ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నారు.

మేం బొలెరో మాట్లాడుకుని, మోహనలో ఆయన్ని ఎక్కించుకుని, నాలుగింటికి చేరాం. గారె ఆయన ఒళ్లో తల పెట్టుకుని, దారంతా ఒక్క కూత లేదు. ఇంటి ముందు మాస్టారు, ఆయన భార్య నిలబడి ఉన్నారు. ఆవిడ చేతులకి పసుపు. వరండాలో సన్నికల్లు మీద అల్లం వెల్లుల్లి నూరి ముద్ద చేసి ఉంది, పక్కన పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. మాస్టారు బొలెరో లోపలికి తొంగిచూసి "కుకుడా కాహి?" అన్నాడు, కోడి ఎక్కడ అని. అప్పుడే గారె కిందికి దూకి ఒళ్లు దులుపుకుంది. ఆయన గారెని చూశాడు, పొయ్యి మీద నీళ్లు చూశాడు, మా ఆయన్ని చూశాడు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది చూడండి, కింద కూర్చుండిపోయింది. నూరిన మసాలా పాడవకూడదని పక్క పొలంవాళ్ల దగ్గర నిజం కోడిని కొనుక్కొచ్చి వండారు, ఆరు వందలు మేమే ఇచ్చాం, తప్పు మాదే కదా. ఎముకలు గారెకి వేయలేదు డాక్టర్ గారూ, దానికి ఉట్టి చోడంబలి. పెరుగు కలిపిన పఖాళ (నీళ్లలో నానేసిన చద్దన్నం) మాత్రం మేం చూడనప్పుడు పళ్లెంలోంచి తాగేసింది. పాత అలవాటు.

ఇల్లు ఏమంత గొప్పది కాదు. బాత్రూము తలుపు గడియ పడదు, ఫోన్ సిగ్నల్ గట్టు మీదకెళ్తేనే. పరుపు పల్చన. కానీ వరండాలో కూర్చుంటే ఎదురుగా కోసేసిన మొక్కజొన్న పొలం, దాని వెనక కొండ, మధ్యలో ఇంకేమీ లేదు. రెండో రోజు పొద్దున మేం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా అక్కడే కూర్చున్నాం, ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. ఆయన రాయగడ నుంచి తెచ్చిన అల్లం మురబ్బా మొత్తం అయిపోయింది. మఠానికి విడివిడిగా వెళ్లాం, ఒకరు లోపలికి వెళ్తే ఒకరు బయట గారెతో. క్యాంపు కుక్కలు ఒకసారి ఎనిమిది చుట్టుముట్టాయి, పొట్టి పట్టీ మాట చెప్పినవాళ్లకి దండం.

కుక్క లోపల పడుకునే విషయంలో మాస్టారు కొంచెం తటపటాయించాడు, లోపల ఒక మూల దేవుడి గూడు ఉంది. మా దుప్పటి మేమే తెచ్చుకున్నాం అని చూపించి, గూడు లేని రెండో గదిలోకి మారిపోయాం. అందులో మంచం ఒక్కటే, ఒక్కరికి సరిపోయేది. సర్దుకున్నాం లెండి. గారె గుమ్మానికి అడ్డంగా పడుకుంది, రాత్రి రెండింటికి ఒకసారి లేచి గుర్రుమంది, తలుపు తీయలేదు.

చెవుల్లో మూడు పిడుదులు, మెడపట్టీ కింద ఒకటి దొరికాయి. మందు ముందే వేయించాం. ఇప్పటికి పద్నాలుగు రోజులైంది, అన్నం బాగానే తింటోంది.

పశువుల_డాక్టర్

చిగుళ్లు ఇంకో వారం చూస్తూ ఉండండి. నీరసంగా కనిపిస్తే ఒక రక్త పరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు తెలుస్తాయి.

పర్లాకిమిడి_బాబాయ్

కుకుడా సంగతి మా ఇంట్లో చదివి వినిపించాను తల్లీ, మీ పిన్ని ఇంకా నవ్వుతోంది. అన్నట్టు మాకు డిసెంబరులో పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. మాకు కుక్క లేదు, పిల్లి ఉంది. ఆ మాస్టారు నంబరు కాస్త నాకూ పంపు.

సగం_ఒడియా

బాబాయ్ గారూ, ఒడియాలో పిల్లి అంటే బిలెయి. ఫోన్ చేసేముందు రెండుసార్లు పలికి చూసుకోండి.